మోటారు ఇంజనులోనికి దొంగగాలి – దానిని కనుగొని మాన్పు విధము

లీకు అనగానే మనకు తోచునది ఏదో యొకటి వెలికి కారుట. కుండ కారిన నీరు నేలబడును. దీపపుబుడ్డి కారిన కిరసనాయిలు వాసన వచ్చును. సైకిలు ట్యూబు చిల్లిపడిన బుస్సుమని గాలి వెడలును. కారిన చోటును చూపునది కారిన వస్తువే. అయితే మోటారు ఇంజనునకు వచ్చు లీకులలో నొకటి ఇందుకు విపరీతమైనది. అందు వెలికి వచ్చున దేమియు లేదు. వెలుపలి గాలియే లోనికి చొచ్చును. తడి యుండదు, మరక యుండదు, వాసన యుండదు. మెకానిక్కులు దీనిని వాక్యూం లీకనియు, ఇంజను ఎయిరు లాగుచున్నదనియు చెప్పుదురు. రావలసిన దారిని విడిచి గోడ దూకి వచ్చు గాలి గనుక మేము దీనిని దొంగగాలి యందుము. పై తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్రమున వాయుపీడనమును చదివియున్నారు. ఆ పాఠము వీధిలోని కారునకు ఎట్లు పనికివచ్చునో చూపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇంట కారో టాక్సీయో గల తలిదండ్రులకు దీనివలన కొంత ధనము మిగులవచ్చును. ఒక్కొక్కప్పుడు ధనముకంటె విలువైనదియు దక్కవచ్చును.

మొదట గాలి బరువును గూర్చి రెండు మాటలు. 1643వ సంవత్సరమున ఇటలీ దేశమున టారిచెల్లి యోచన ననుసరించి యొక ప్రయోగము జరిగెను. ఒక చివర మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందుగా నిలుపగా, అందలి పాదరసము పూర్తిగా జారిపోక సుమారు 760 మిల్లీమీటర్ల యెత్తున నిలిచెను. దానిని నిలిపినది తొట్టిమీద ఒత్తుచున్న వెలుపలి గాలియే. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాముకంటె కొంచె మెక్కువ. మన అరచేయి నూరు చదరపు సెంటీమీటర్లున్నదనుకొనిన, దానిమీద గాలి వేయు భారము గుంటూరు యార్డులో ఎత్తు రెండు మిరపటిక్కీల భారమునకు మించును. చేయి నలిగిపోకుండుటకు కారణము, అంత భారమే అడుగువైపునుండియు ఒత్తుచుండుట. ఒకవైపు ఒత్తిడి తగ్గినప్పుడు మాత్రమే రెండవవైపు గాలి తన బలమును చూపును. కొబ్బరిబోండములో గొట్టము పెట్టి త్రాగునప్పుడు మనము నీటిని లాగుచున్నామని యనుకొందుము. నిజమునకు మనము చేయునది గొట్టములోని గాలిని తగ్గించుటయే. నీటిని పైకి నెట్టునది వెలుపలి గాలి. ఆ గొట్టమునకు నడుమ చిన్న చీలిక యున్నచో ఏమగునో ప్రతి బాలునకు తెలిసినదే. బుగ్గలు నొచ్చును గాని నీరు రాదు. ఏలయనగా గాలి తేలికైన దారిని చూచుకొని ఆ చీలికలోనుండి దూరును.

ఇదే సంగతిని పెద్ద యెత్తున చూడదలచినవారు మన ప్రాంతములోని పత్తి జిన్నింగు మిల్లునకు పోవచ్చును. రాశిగా పోసిన గింజపత్తిని యంత్రములయొద్దకు చేర్చుటకు పెద్ద రేకుగొట్టమొకటి యుండును. ఆవలి చివర నున్న పంకా గొట్టములోని గాలిని తోడివేయుచుండగా, ఈవలి చివరనుండి గాలియు దానితో పత్తియు లోనికి పరుగెత్తును. గొట్టపు అతుకొకటి సడలినచో మొదట పత్తి మందగించును. సందేహము గల అతుకునొద్ద ఒక చిన్న పత్తిపింజను పట్టిన చాలును. లీకున్నచోట పింజ చివాలున పోయి గొట్టమునకు అంటుకొనును. కంటికి కనబడని గాలిని కనబడు పింజతో పట్టుకొనుట ఎంత చక్కని యుపాయము! మోటారు ఇంజనులో దొంగగాలిని పట్టుటకును మార్గ మిట్టిదే, పింజ మాత్రము వేరు.

ఇక ఇంజనును చూతము. పెట్రోలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగునప్పుడు సిలిండరులో ఒత్తిడి తగ్గును. అప్పుడు వెలుపలి గాలి లోనికి నెట్టబడును. ఆ గాలి మొదట ఎయిర్ ఫిల్టరు ద్వారా వడగట్టబడి, త్రాటిలు అను తలుపును దాటి, మానిఫోల్డు అను చేతివ్రేళ్లవలె చీలిన గొట్టములలో బడి, ఒక్కొక్క సిలిండరునకు పంచబడును. మనము కాలితో ఆక్సిలరేటరును త్రొక్కుట యనగా ఈ తలుపును తెరచుటయే. బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు తలుపు దాదాపు మూయబడియుండును. పిస్టనులు మాత్రము గాలిని కోరుచునే యుండును. అందువలన త్రాటిలునకును సిలిండర్లకును నడుమ మానిఫోల్డులో ఒత్తిడి మిక్కిలి పడిపోవును. ఆరోగ్యముగా నున్న ఇంజనునకు మానిములు తగిలించి చూచిన, పాదరసపు కొలతను 17 మొదలు 22 అంగుళముల వాక్యూము కనబడును. 20 అంగుళములనగా 508 మిల్లీమీటర్లు. 760లో అది పోగా మిగిలినది 252. అనగా లోపలి గాలియొత్తిడి వెలుపలిదానిలో మూడవవంతు మాత్రమే. ఈ రెంటికి నడుమ నున్నది ఒక కాగితపు గ్యాస్కెట్టో, రబ్బరు హోసుపైపో. అందు సందు దొరకిన గాలి ఊరకుండునా?

గాలి కొంచె మెక్కువగా వచ్చిన నష్టమేమని అడుగవచ్చును. పెట్రోలు తానుగా మండదు. దానికి గాలి తోడు కావలయును, ఆ తోడునకు లెక్క గలదు. ఒక కిలో పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలయును. నేడు మనదేశమున పెట్రోలులో కలుపుచున్న ఇథనాలువలన ఈ లెక్క కొంత తగ్గును గాని వరుస మారదు. ఘనపరిమాణమున చెప్పిన ఒక లీటరు పెట్రోలునకు తొమ్మిది వేల లీటర్ల గాలి! మన ఇంజనులు నిజముగా త్రాగునది గాలి, పెట్రోలు అందులో తాలింపువంటిది. పాత కార్లలో ఈ కొలతను చూచునది కార్బురేటరు. దాని నడుమ గొంతు సన్నగిలియుండును. అచట గాలి వడిగా పోవుటచేత ఒత్తిడి తగ్గి, చిన్న రంధ్రమునుండి పెట్రోలు తుంపరగా లేచి గాలిలో కలియును. 1893లో జర్మనీ దేశపు మేబాకు పెట్రోలును రంధ్రమునుండి తుంపరగా చిమ్ము కార్బురేటరును నిర్మించెను. మన రోడ్లమీద తిరిగిన పాత పెట్రోలు అంబాసిడర్లును, 1983లో వచ్చిన మారుతి 800ల మొదటి బండ్లును కార్బురేటరుతోనే నడచినవి. 2000 ప్రాంతమునుండి కొత్త కార్లలో ఆ పనిని కంప్యూటరును ఇంజెక్టర్లును చేయుచున్నవి. ఏది చేసినను నియమ మొక్కటియే. లోనికి వచ్చు గాలి నంతటిని ద్వారమునొద్ద లెక్కించి, దానికి తగినంత పెట్రోలును పోయవలెను. దొంగగాలి యీ ద్వారముగుండ రాదు గనుక లెక్కకెక్కదు. దాని పాలి పెట్రోలు కలియదు. మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము నిదానముగా మండును, ఒక్కొక్కప్పుడు అసలే మండదు. ఇంజను వణకును, మిస్సింగు కొట్టును, బ్రేకు వేసి నిలుపగానే ఆగిపోవును.

ఇందు విద్యార్థు లొక చిక్కును గమనింపవలయును. ఈ రోగము గల బండి నిలిచియున్నప్పుడు మూల్గును, రోడ్డెక్కి వేగము నందుకొనగానే కులాసాగా పోవును. పలువురు మెకానిక్కులు ఇచటనే దారి తప్పుదురు. కారణము లెక్కలో నున్నది. 1,200 ఘనసెంటీమీటర్ల ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి మాత్రమే నిండును గనుక నిమిషమునకు దాని కడుపు కొలత 480 లీటర్లు. మానిఫోల్డులో ఒత్తిడి మూడవవంతే గనుక నిజముగా త్రాగు వెలుపలి గాలి సుమారు 150 లీటర్లు. ఇప్పుడు మానిఫోల్డునకు 3 మిల్లీమీటర్ల చిల్లి యొకటి పడినది. మిరపగింజ పట్టునంత చిల్లి. ఒత్తిడి తేడా యింత యున్నప్పుడు అంత చిల్లిలోనుండి నిమిషమునకు ఇంచుమించు 50 లీటర్ల గాలి దూరగలదు. నూటయేబదిలో ఏబది, అనగా మూడవవంతు! అదే బండి రహదారిమీద 3,000 చుట్లతో పోవునప్పుడు ఇంజను త్రాగునది నిమిషమునకు సుమారు 900 లీటర్లు. దొంగ తెచ్చునది అప్పుడును 50 లీటర్లకు మించదు. తొమ్మిదివందలలో ఏబది యెవరికి పట్టును? కావుననే వేగమున రోగము మరుగుపడును. ఎనిమిది, తొమ్మిది తరగతులవారు ఈ లెక్కను తమ యింటి బండి ఇంజను కొలతతో వేసి చూడవలెను. త్రైరాశికము తెలిసిన చాలును.

ఈ చిక్కువలననే మనవారు ఈ రోగమునకు చేయు చికిత్స పలుమారు రోగముకంటె చెడ్డదగుచున్నది. బండి నిలిపినచోట ఆగిపోవుచున్నది. ఐడ్లింగు స్క్రూ నొక చుట్టు బిగించిన త్రాటిలు కొంచెము తెరచుకొనును, పెట్రోలు కొంచెము పెరుగును, ఇంజను ఆగుట మానును. యజమాని సంతసించి కూలి యిచ్చును. లీకు మాత్రము ఎక్కడిదక్కడనే యుండి నాడునాటికి పెరుగును. మరల స్క్రూ బిగింపు. ఇట్లు జ్వరము తగ్గుటకు థర్మామీటరును పగులగొట్టినట్లగును. ఈ లోపల పలుచని మిశ్రమముచేత కవాటములు వేడెక్కి మాడవచ్చును. మండక మిగిలిన పెట్రోలు సైలెన్సరు దారిలోని కెటలిటిక్ కన్వర్టరునకు జేరి అచట మండి దానిని పాడుచేయవచ్చును. నగరములో తిరుగు కారునకు దాని ఖర్చు చిన్నది కాదు.

మేమెరిగిన సంగతి యొకటి చెప్పుదుము. మా విద్యార్థి యొకని తండ్రి నరసరావుపేట దారిలో పాత పెట్రోలు కారును టాక్సీగా నడుపుచుండెను. మిరప కోతల కాలము. రైతులు యార్డునకు వచ్చిపోవుచు బేరములు విడువకుండ దొరకు రోజులు. బండి గేటులయొద్ద ఆగిపోవసాగెను. ఒక షెడ్డువారు ప్లగ్గులు మార్చిరి, మరియొకరు కార్బురేటరును విప్పి కిట్టు వేసిరి, మూడవవారు స్క్రూ బిగించి పంపిరి. వారములు గడచెను, సంపాదన షెడ్లకే సరిపోయెను. ఒక సాయంకాలము ఆయన పిల్లలను తీసికొనిపోవుటకై బడికి వచ్చినప్పుడు బండి మరల ఆగెను. ఆయన మాతో, "మాస్టరుగారూ, బండి ఆగితే ఆగింది, నాకు బ్రేకు మీద అనుమానంగా ఉంది. పెడల్ రాయిలా తగులుతోంది" అని చెప్పెను. పదవ తరగతి చదువుచున్న కుమారుడు ఈ మాట వినుచుండెను. వాయుపీడన పాఠము ఆ నెలలోనే జరిగియుండెను. వాడు ఇంజను నడుపుమని తండ్రిని కోరి, ఒక మూరెడు రబ్బరుగొట్టమును చెవికి పెట్టుకొని రెండవ చివరను ఇంజనుమీద అచటచట త్రిప్పెను. బ్రేకు బూస్టరునకు పోవు లావు హోసుపైపు క్లిప్పు క్రింద వాని చెవిలో పాము బుసకొట్టినట్లాయెను. క్లిప్పు తీసి చూడగా పైపు అడుగువైపున అరంగుళము చీలియున్నది. పైనుండి చూచువారికి అది కనబడదు. కొత్త పైపు ఖరీదు ఆయన ఒకదినపు డీజిలు ఖర్చంతయు లేదని యనబోయి, బండి పెట్రోలుదని గుర్తు చేసికొని ఆయనయే నవ్వెను.

బ్రేకు పెడలు రాయివలె నేల తగిలినది? ఈ భాగమును తలిదండ్రులు శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము. కార్లలో బ్రేకు త్రొక్కుటకు కాలిబలము చాలదు గనుక బూస్టరు అను గుండ్రని డబ్బాను అమర్చుదురు. అందు నడుమ రబ్బరుపొర యొకటి. దాని ముందువైపు మానిఫోల్డుతో కలుపబడి వాక్యూముతో నుండును. పెడలు త్రొక్కగానే వెనుకవైపునకు వెలుపలి గాలి వదలబడును. పొర అడ్డుకొలత 20 సెంటీమీటర్లయిన వైశాల్యము సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. 20 అంగుళముల వాక్యూమునకు చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 0.7 కిలో. గుణించి చూడుడు: రెండువందల కిలోలకు పైబడిన బలము మన కాలికి తోడుగా ఒత్తుచున్నది. హోసుపైపు చీలిన ఆ తోడు తగ్గును, ఒక్కొక్కప్పుడు పూర్తిగా పోవును. బ్రేకు పోదు గాని, అంత బలమును కాలే పెట్టవలసివచ్చును. ఎదుట మిరపబస్తాల లారీ యకస్మాత్తుగా ఆగినప్పుడు డ్రైవరున కంత సమయమెక్కడిది? ఇంజను వణకుట ఒక యసౌకర్యమే యని ఓర్చుకొనువారు ఈ సంగతిని మరువరాదు. ఆ రెండు లక్షణములు కలిసి కనబడినచో బండిని నడుపక, అచటనే నిలిపి మొదట ఆ పైపును చూపింపవలెను.

ఇక వెదకు విధము. దొంగగాలి దూరుటకు అనువైన చోట్లు కొన్నియే. సన్నని వాక్యూము పైపులు, వాని చివరలు, బూస్టరు పైపు, క్రాంకుకేసు ఆవిరిని మానిఫోల్డునకు తెచ్చు పీసీవీ వాల్వు పైపు, కార్బురేటరు లేక త్రాటిలు క్రింది గ్యాస్కెట్టు, మానిఫోల్డునకును ఇంజను తలకును నడుమ గ్యాస్కెట్టు, త్రాటిలు ఇరుసు అరిగిన రంధ్రము. మన మైదానములలో పైపులే మొదటి దోషులు. పల్నాటి రెంటచింతలవంటి చోట్ల వేసవియెండ యెట్టిదో పాఠకులెరుగుదురు; దానికి ఇంజను వేడి తోడైన రబ్బరు నాలుగేండ్లకే ఎండిన మిరపతొడిమవలె పెళుసగును. పత్తి గోదాముల ప్రక్కను నెలలు తరబడి నిలిపిన బండ్లలో ఎలుకలు కొరికిన పైపులను గూడ చూచితిమి. ఎలుకకు వాక్యూము సంగతి తెలియదు గదా.

మొదటి సాధనము కన్ను, రెండవది వ్రేలు. ఇంజనును ఆర్పి చల్లారనిచ్చి, ప్రతి పైపును ఇరు చివరల వంచి చూడవలెను. వంచినప్పుడు నోరు తెరచు పగుళ్లు మామూలుగా కనబడవు. ఊడిపోయిన పైపు, మూతలేని ముక్కు దొరకిన పని అచటితో ముగియవచ్చును. మూడవ సాధనము చెవి, పై విద్యార్థి చేసినట్లు. గొట్టమును పట్టు చేయి పంకాకును బెల్టునకును దూరముగా నుండవలెను. ఉత్తరీయములు, పొడవైన చేతుల చొక్కాలు పనికిరావు. పిల్లలు పెద్దవారు లేకుండ నడచుచున్న ఇంజనుపై చేయి పెట్టరాదు.

నాల్గవది పైపును నొక్కి చూచుట. ఇంజను నడచుచుండగా ఒక్కొక్క మెత్తని పైపును, గుడ్డ చుట్టిన పట్టకారుతో మానిఫోల్డునకు చేరువగా నొక్కవలెను. ఏ పైపు నొక్కినప్పుడు ఇంజను చటుక్కున కుదుటబడునో ఆ పైపుననో, దాని ఆవలనున్న భాగముననో లీకు గలదు. పెళుసెక్కిన పైపును ఇట్లు నొక్కిన విరుగును. విరిగినను విచారములేదు, అది ఎట్లును మార్పవలసినదే.

గ్యాస్కెట్టు లీకులను నొక్కి చూడజాలము. వానికి నీరు మేలు. చిన్న పిచికారీతో మానిఫోల్డు అతుకుమీద కొద్దికొద్దిగా నీటిని చిలుకవలెను. కరెంటు తీగలమీదను డిస్ట్రిబ్యూటరుమీదను పడనీయరాదు. నీరు సందులో నిండిన క్షణమున దారి మూసికొని ఇంజను ధ్వని మారును. జిన్నింగు మిల్లు పత్తిపింజకు ఇది చెల్లెలు. కొందరు నీటికి బదులు పెట్రోలును, మంటపట్టు కార్బురేటరు శుభ్రపరచు ద్రవమును చల్లుదురు. దొంగగాలితో అది లోనికి పోయి ఇంజను వేగము పెరుగును, లీకు వెంటనే తెలియును, నిజమే. అయితే వేడి సైలెన్సరు గొట్టము జానెడు దూరములోనుండగా మంటపట్టు ద్రవమును చిలుకుట మేము సమ్మతింపము. అగరువత్తి పొగతో వెదకుటయు అట్లే. పొగ లీకువైపు వంగుట చూడ ముచ్చటయే గాని పెట్రోలు ఆవిరి యున్నచోట నిప్పును చేర్చరాదు. పెద్ద షెడ్లలో ఇందుకై యంత్ర మున్నది. ఇంజనును ఆర్పి, కొద్దిపాటి యొత్తిడితో పొగను మానిఫోల్డులోనికి పంపుదురు. సందున్నచోట పొగ వెలికి వచ్చును. లోనికి పోవు లీకును వెలికి వచ్చు లీకుగా మార్చి పట్టుకొనుట! ఈ యుపాయమును కనిపెట్టినవారి బుద్ధి మెచ్చదగినది.

వాక్యూం మానిమును గూర్చి కొంచెము చెప్పవలెను. అది పెద్ద ఖరీదైన వస్తువు కాదు. మానిఫోల్డు ముక్కునకు తగిలించి ఇంజనును మెల్లగా నడిపినప్పుడు ముల్లు 17, 22 అంగుళముల నడుమ కదలక నిలువవలెను. అంతకంటె బాగుగా తక్కువనుండి కదలక యున్నచో మానిఫోల్డు లీకును మొదట అనుమానింపవలెను. ముల్లు మాటిమాటికి ఒకేరీతిగా పడి లేచుచున్నచో దోషము కవాటమునందుండవచ్చును, గాలిపై నేరము మోపరాదు. సముద్రమట్టమునకు చేరువనున్న మనకు ఈ యంకెలు సరిపోవును. వెయ్యి అడుగుల యెత్తునకు ఇంచుమించు ఒక అంగుళము తగ్గును; సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకులోయకు అదే బండిని తోలుకొనిపోయిన ముల్లు మూడంగుళములు తగ్గి చూపును. ఇంజను చెడలేదు, అచట గాలియే పలుచన.

కంప్యూటరు గల కార్ల రీతి కొంత వేరు. ఎక్కువ కార్లలో పొగదారిలోని ఆక్సిజను సెన్సారు మిశ్రమము పలుచనయినదని చెప్పగా కంప్యూటరు పెట్రోలును పెంచి సరిపెట్టును. ఎంత పెంచినదో స్కానరులో నూటికింతయని కనబడును. నిలిచియున్నప్పుడు ఆ యంకె మిక్కిలి హెచ్చుగానుండి, 2,500 చుట్లయొద్ద మామూలునకు దిగినచో దొంగగాలి గలదని మన పై లెక్కయే సాక్ష్యము పలుకును. వేగముతో యంకె పెరిగినచో గాలిని విడిచి పెట్రోలు పంపును, ఫిల్టరును చూడవలెను. పీ0171 అను గుర్తు కనబడిన అది మిశ్రమము పలుచనయినదని మాత్రమే చెప్పును. ఏ భాగమును కొనవలెనో చెప్పదు. ఆ గుర్తు చూచి సెన్సారును మార్చువారు పలువురు. అయితే గాలిని ద్వారమునొద్ద తూచక, మానిఫోల్డు ఒత్తిడిని చూచి లెక్కవేయు కార్లును గలవు. అట్టివానిలో దొంగగాలికి గూడ కంప్యూటరు పెట్రోలు పోయును. ఇంజను వణకుటకు మారుగా నిలిచినచోటనే వేగముగా తిరుగును. లక్షణము తారుమారైనను రోగ మొకటే.

దొరకిన లీకును మాన్పుట వెదకుటకంటె సులువు. పైపయిన అదే లోకొలత గల, వేడికి నూనెకు ఓర్చు పైపును వేయవలెను. బూస్టరునకు వాక్యూమునకై చేసిన గట్టి పైపే కావలయును. మెత్తని నీటిపైపు లోనికి నలిగి దారి మూసికొనును. ఆ పైపు దారిలోని ఏకముఖ వాల్వును తలక్రిందులుగా బిగింపరాదు. సైకిలుట్యూబు ముక్క చుట్టి ఇనుపతీగతో కట్టుట ఊరు చేరుటకు సరే, ఉండిపోవుటకు కాదు. గ్యాస్కెట్టయిన మానిఫోల్డును విప్పి, పాత కాగితమును లోహమునకు గీతపడకుండ గీకి, ఉక్కు స్కేలును అంచున నిలిపి వంకరయున్నదేమో వెలుతురున చూడవలెను. బోల్టులను నడుమనుండి ఇరుచివరలకు, ఒక్కసారిగాక రెండు మూడు విడతలుగా, కంపెనీవారు చెప్పిన బలముతో బిగింపవలెను. ఒక మూలను ముందుగా గట్టిగా బిగించిన రెండవ మూల లేచును, కొత్త గ్యాస్కెట్టుతో పాత లీకే మరల వచ్చును. కార్బురేటరు క్రింది దిమ్మ పగులుటకు గూడ మితిమీరిన బిగింపే పలుమారు కారణము. త్రాటిలు ఇరుసు రంధ్రము అరిగినచో కొత్త బుష్షు వేయింపవలెను. అది లేతుపని తెలిసినవారి చేతిలో పెట్టదగినది.

పని ముగిసినవెంటనే బండి మునుపటికంటె చెడ్డగా, అరచినట్లు వేగముగా తిరుగును. భయపడరాదు. లీకును కప్పుటకై ఇదివరకు బిగించిన స్క్రూ ఇప్పుడు మిగులైనది. దానిని వెనుకకు త్రిప్పి, మిశ్రమపు స్క్రూను సరిచేసి, చుట్లను 800 ప్రాంతమునకు దింపవలెను. కంప్యూటరు కార్లలో పాత గుర్తులను చెరిపి, ఇంజను తన ఐడ్లింగును మరల నేర్చుకొనుటకు కొంతసేపు నడువనియ్యవలెను.

పిమ్మట బ్రేకును పరీక్షింపుడు. ఇంజనును ఆర్పి పెడలును గట్టిపడువరకు అయిదారుసారులు త్రొక్కి, కాలు దానిమీదనే యుంచి ఇంజనును నడుపవలెను. బూస్టరు బాగున్నచో పెడలు కాలిక్రింద కొంచెము దిగును. దిగకున్నచో బూస్టరునకు వాక్యూము సరిగా అందుటలేదనియో, బూస్టరే చెడినదనియో యర్థము. డీజిలు కార్లు గలవారును ఈ పరీక్షను చేయవచ్చును. మామూలుగా డీజిలు ఇంజనునకు గాలిదారిలో పెట్రోలు ఇంజనువలె మూయు త్రాటిలు లేనందున మానిఫోల్డులో చాలినంత వాక్యూము పుట్టదు. బూస్టరుకొరకు ఇంజనుచేత తిరుగు చిన్న వాక్యూం పంపును వేరుగా అమర్చుదురు. ఆ పంపు పైపు చీలినచో ఇంజను ఏమాత్రము వణకదు, ఆగదు, ముందుగా హెచ్చరింపదు. పెడలు గట్టిపడుట యొక్కటే గుర్తు.